ఒకటి తడిస్తే మూడూ ఎండలోకే

ఆ ఇంట్లో ఒక పరుపు తడిసిందంటే మూడు పరుపులూ మేడెక్కాల్సిందే. ఎవరిది తడిసింది, ఎందుకు తడిసింది అని అడగడం ఆ ఇంటి పద్ధతి కాదు. టీ ఒలికినా అంతే, జ్వరంలో ఎవరైనా కక్కుకున్నా అంతే, కిటికీలోంచి పిల్లి దూరి తన పని చూసుకుని పోయినా అంతే. తడిసింది ఒకటైతే పొడిగా ఉన్న రెండూ ఏం పాపం చేశాయని ఎవరైనా అంటే, ఇంటావిడ "ఎండ బాగుంది కదండీ" అని ఊరుకునేది. మబ్బు పట్టిన రోజు కూడా అదే మాట. అందుకే పై వాటాలో ఉండే టీచరమ్మ ఆవిడకి పరుపులమ్మ అని పేరు పెట్టింది. మొదట్లో చాటుగా అనేది, తర్వాత ఎదురుగానే పిలవడం మొదలుపెట్టింది. ఇప్పుడు కింద తాళాలు బాగుచేసేవాడికి కూడా ఆవిడ అసలు పేరు తెలీదు. మనకీ అక్కర్లేదు.

పరుపులమ్మ పనిచేసేది కళ్ళద్దాల షాపులో. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చోబెట్టడం, చెవుల వెనక నొక్కుతోందా అని అడగడం, అద్దాలు తళతళలాడేలా తుడిచి చేతికివ్వడం ఆవిడ ఉద్యోగం. ఆ అలవాటు ఇంటి దాకా వచ్చింది. మరక పడ్డ దుప్పటిని కిటికీ వెలుతురుకి పట్టుకుని, "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని తనని తనే అడుగుతుంది. అద్దాలకి అలవాటుపడ్డ చెయ్యి కాబట్టి మెత్తగా అద్దడమే తెలుసు, బరబరా రుద్దడం చేతకాదు. పరుపు మరకకి కావలసిందీ సరిగ్గా అదే. రుద్దారా, అది లోపలికి పోయి కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. వేడినీళ్ళు పోశారా, ఇక అది ఇంట్లో మనిషే.

ఆవిడ ఏం చేస్తుందంటే, పాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి తడి మీద పరిచి, దాని మీద మోకాలు ఆనించి ఒంటి బరువంతా వేస్తుంది. తువ్వాలు తాగాల్సినంత తాగేశాక, చన్నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి సీసాతో పైపైన చిలకరిస్తుంది. మళ్ళీ తువ్వాలు, మళ్ళీ మోకాలు. ఆ తర్వాత వంట సోడా తెల్లగా పరిచి వదిలేస్తుంది. చాలామంది ఇక్కడే తొందరపడి పని పాడుచేసుకుంటారు, అది పూర్తిగా ఆరి పొడిపొడిగా లేచేదాకా ఆగరు. పరుపులమ్మ ఆగుతుంది. ఆ తర్వాత బట్టల బ్రష్షుతో దులిపి, అప్పుడు ఎండకి తీసుకుపోతుంది. అక్కడ కూడా పరుపుని పడుకోబెట్టదు, గాలి రెండు వైపులా ఆడేలా రెండు కుర్చీల మధ్య నిలబెడుతుంది.

ఇంత చేస్తుంది కాబట్టి ఆవిడకి శుభ్రం పిచ్చి అనుకుంటే పప్పులో కాలేసినట్టే. వాళ్ళ అలమర తలుపు తీస్తే బట్టలు మీద పడతాయి. వంటింటి గట్టు మీద నిన్నటి గిన్నెలు నేటి గిన్నెలతో కబుర్లు చెప్పుకుంటూ ఉంటాయి. పరుపుల దగ్గర మాత్రమే ఆవిడకి పట్టుదల. ఆ పట్టుదల ఆవిడకి అత్తగారి దగ్గర్నుంచి వచ్చింది. పెద్దావిడ పోయే ముందు కోడల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, ఈ మూడు పరుపుల పద్ధతి ఎందుకు మొదలైందో చెవిలో చెప్పింది. ఎవరికీ చెప్పనని మాట తీసుకుంది కూడా. కోడలు ఆ మాట నిలబెట్టుకుంది. మొగుడి దగ్గర కూడా నోరు విప్పలేదు.

ఆ మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళో ఎక్కడ ఎవరి లిఫ్టు ఆగినా ఆయనకే ఫోను. లిఫ్టు లేని మేడలో కాపురం ఉంటూ రోజూ మెట్లెక్కి ఇంటికొస్తాడని టీచరమ్మ వెక్కిరిస్తుంది. నోట్లో నాలుక లేని మనిషి, నవ్వి ఊరుకుంటాడు. కూతురు దూరంగా హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, సెలవులకే వస్తుంది. ఇక మిగిలింది మామగారు.

మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. రైలు చివరి పెట్టెలో నిలబడి, తను జెండా ఊపితే గానీ ముందున్న ఇంజను కదలకూడదన్న ధీమాతో బతికినవాడు. రిటైరై చాలా కాలమైనా ఆ ధీమా పోలేదు. ఆయన గొంతు సవరించుకుంటే గానీ ఆ ఇంట్లో భోజనాలు మొదలవ్వవు. ఆయన చొక్కాకి ఇస్త్రీ మడత తప్పదు, చేతి గడియారం నిమిషం తప్పదు. ఇంటా బయటా అందరికీ ఆయన గార్డు గారే. కన్నకొడుకు కూడా ఆయన ముందు సగం మాటే మాట్లాడి మిగతా సగం మింగేస్తాడు.

ఈ మధ్య గార్డు గారి గదిలోంచి పౌడరు వాసన గుప్పుమనడం మొదలైంది. మొహానికి రాసుకునే పౌడరు అంత వాసన రాదు. ఒకరోజు ఆయన దుప్పటి ఆయనే ఉతికి ఆరేసుకున్నారు. "టీ ఒలికిందమ్మాయ్" అన్నారు. పక్క మీద కూర్చుని టీ తాగేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళు మంట, ఆ సంగతి వీధందరికీ తెలుసు. ఆయన పేపరు చదవడానికి లైబ్రరీకి వెళ్ళాక పరుపులమ్మ పరుపు ఎత్తి చూసింది. అడుగువైపు గుండ్రంగా, అంచు ముదురుగా మరక. దాని మీద ముద్దకట్టిన పౌడరు. ఆవిడకి మనసు చివుక్కుమంది. ఆ వయసులో, ఆ మనిషి, తెల్లవారుజామునే లేచి ఒక్కడే ఆ బరువైన దూది పరుపుని తిరగేసుకున్నాడు కదా అనుకుంది.

ఇంకేముంది, మూడు పరుపులూ మేడెక్కాయి. గార్డు గారు తిరిగొచ్చేసరికి "ఎండ బాగుంది మామయ్యా" అంది. ఆయన తలాడించి గదిలోకి పోయారు. తర్వాత మళ్ళీ అదే జరిగింది, మళ్ళీ మూడూ పైకెళ్ళాయి. ఆయనకి తను కనిపెట్టినట్టు తెలీదు, ఊళ్ళోవాళ్ళకి ఎవరిదో తెలీదు, పనీ అయిపోయింది. ఎంత గుట్టుగా లాక్కొస్తున్నానో అని పరుపులమ్మ తన తెలివికి తనే మురిసిపోయింది.

అలా మురిసిపోతూ ఉండగానే ఒకరోజు భోజనాల దగ్గర గార్డు గారు గొంతు సవరించుకున్నారు. "రిటైరైన రైల్వేవాళ్ళ హోములో గది దొరికింది. సోమవారం వెళ్ళిపోతున్నాను" అన్నారు, రైలు ఫలానా ప్లాట్‌ఫారం మీదకి వస్తుందని చెప్పినట్టు.

లిఫ్టాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకు నాన్నా?"

"ఎందుకేంటి. నాలాంటివాళ్ళు ఉంటారు. కబుర్లు చెప్పుకోవచ్చు."

జీవితంలో ఎన్నడూ కబుర్లు చెప్పని మనిషి ఆ మాట అంటే ఎవరు నమ్ముతారు? కొడుకు మింగలేక కక్కలేక కూర్చున్నాడు. ఆ తర్వాత గదిలో పెళ్ళాన్ని అడిగాడు. "ఆయన్ని ఏమైనా అన్నావా?"

"నేనేమంటాను?"

"ఏదో ఒకటి జరగందే ఆయన అలా అనరు."

"జరగలేదు."

"నిజం చెప్పు."

లిఫ్టాయన గొంతు పెంచే రకం కాదు. కానీ ఆ 'నిజం చెప్పు' అనడంలో ఒక మేకు ఉంది, అది పరుపులమ్మకి సూటిగా దిగింది. తప్పు తన మీద పడింది. నోరు విప్పి ఒక్క మాట చెప్తే బయటపడిపోతుంది, కానీ ఆ మాటకి గార్డు గారు కొడుకు ముందు తలెత్తుకోలేరు. చెప్పకపోతే మామగారిని ఇంట్లోంచి సాగనంపిన కోడలుగా మిగిలిపోతుంది, అది కూడా మొగుడి కళ్ళలో. ఆవిడకి ఒళ్ళు మండింది. మొగుడి మీద, మామగారి మీద, ఆ దూది పరుపు మీద కూడా. అటు తిరిగి పడుకుంది. అయినా నోరు మాత్రం విప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పరుపులమ్మ భోజనానికి ఇంటికొచ్చింది. వీధి గుమ్మం దాటగానే కాళ్ళకింద తడి. మెట్ల మీదనుంచి నీళ్ళు సన్నగా, తీరిగ్గా, ఒక్కో మెట్టూ దిగి వస్తున్నాయి. నీళ్ళ ట్యాంకు పొంగిందేమో, టీచరమ్మ బడినుంచి వచ్చేలోపు కట్టేయకపోతే చంపేస్తుంది అనుకుంటూ గబగబా ఎక్కింది. తమ వాటా తలుపు బార్లా తెరిచి ఉంది. నీళ్ళు అక్కడ ఆగలేదు, ఇంకా పైనుంచి వస్తున్నాయి. టీచరమ్మ వాటా కూడా దాటి, మేడకి వెళ్ళే ఆఖరి మలుపు దగ్గర ఆగిపోయింది. అక్కడ మెట్లు లేవు. మెట్లుండాల్సిన చోట గోడనుంచి గోడ దాకా, నేలనుంచి తల ఎత్తు దాకా, బిర్రుగా పరుపు ఉంది. దాని ఒంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

పరుపులమ్మ కాసేపు దాన్నే చూసింది. తర్వాత మెల్లగా పిలిచింది. "మామయ్యా?"

అవతలనుంచి గొంతు సవరించుకోవడం వినిపించింది. "షాపు లేదా నీకు?"

"భోజనానికి వచ్చాను. మీరు పైనున్నారా?"

"పైనే."

"పరుపు ఇరుక్కుందా?"

"ఇరుక్కోలేదు. ఆగింది."

పరుపులమ్మకి నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. రెండు చేతులూ ఆనించి ఒక్క తోపు తోసింది. పరుపు కదల్లేదు సరికదా, కొళాయి తిప్పినట్టు చేతులమీదుగా నీళ్ళు వచ్చి చీర తడిసిపోయింది. మామూలుగా తడిసిన పరుపు కాదు ఇది, నిండా నీళ్ళు తాగిన పరుపు.

"ఎలా కడిగారు మామయ్యా దీన్ని?"

"పైపుతో. రైలు పెట్టెలు ఎలా కడుగుతారో చూడలేదా? పైపు పెట్టి కొడితే ఎంత మురికైనా వదిలిపోతుంది."

"పెట్టెలు ఇనుమువి మామయ్యా. ఇది దూది."

"ఇప్పుడు తెలిసింది."

స్నానాల గదిలో పరుపు నిలబెట్టి పైపుతో కడిగి కడిగి, రైలు ప్రయాణాల్లో పక్కచుట్ట కట్టుకునే పాత హోల్డాలు పట్టీలతో కట్టి, ముందుండి లాక్కుంటూ ఆ వయసులో అన్ని మెట్లు ఎక్కించారాయన. మలుపు దగ్గర దూదంతా ఒక మూలకి దిగి అది ఉబ్బిపోయింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. రైళ్ళు నడిపిన మనిషి ఒక మేడ మెట్ల మీద రాకపోకలు ఆపేసి కూర్చున్నారు.

"మీకెందుకీ అవస్థ? నేను వచ్చాక చెప్తే చేసేదాన్ని కదా."

మొహాలు కనిపించకపోవడం వల్లే కావచ్చు, ఈసారి వచ్చిన గొంతులో రోజూ ఉండే ఇస్త్రీ లేదు. "సోమవారం వెళ్ళిపోతున్నాను కదా. పోయేముందు శుభ్రంగా అప్పజెప్పి పోదామనుకున్నాను. నా తర్వాత ఎవరో ఎత్తి ముక్కు మూసుకోకూడదు."

పరుపులమ్మ మెట్టు మీద కూలబడింది. తడి మెట్టే, పట్టించుకోలేదు. "అందుకా మీరు వెళ్ళిపోయేది?"

"నువ్వు మూడు పరుపులూ పైకి మోసుకుపోతుంటే నాకు అర్థం కాదనుకున్నావా అమ్మాయ్? గార్డు పని చేసినవాణ్ణి. మూడు వరసగా నిలబెడితే ఏది చెడిందో ఇట్టే తెలుస్తుంది. రెండు పరుపులు తెల్లగా ఉన్నాయి, నాదొక్కటే మచ్చతో ఉంది. ఆ టీచరమ్మ బట్టలారేసుకుంటూ దాని ముందు నిలబడిపోయింది. మేడ తలుపు చాటునుంచి చూశాను. ఊరందరికీ చూపించినట్టైంది."

ఆ మాట పరుపులమ్మ ఎన్నడూ ఊహించలేదు. దాచడానికని చేసిన పని ఆయనకి చాటింపులా తగిలింది. ఏళ్ళ తరబడి చేస్తున్న పని, ఎంతో మెత్తటి పని అని తను గర్వపడ్డ పని, ఒక మనిషిని ఇంట్లోంచి వెళ్ళగొట్టేదాకా తెచ్చింది. ఆవిడకి సిగ్గేసింది.

"తప్పైపోయింది మామయ్యా. మీకు తెలీకూడదనే చేశాను. ఈ పద్ధతి నాది కాదు, అత్తయ్యది. ఆవిడ ఎవరి కోసం మొదలుపెట్టిందంటే..." అని నాలుక కరుచుకుంది. అది తను చెప్పే మాట కాదు.

"మీ అత్తయ్యకి శుభ్రం పిచ్చి" అన్నారు గార్డు గారు.

పరుపులమ్మ ఫోను తీసింది.

"ఎవరికి?"

"ఇంకెవరికి? ఆయనకే."

"వద్దు. వాడికి వద్దు."

"మామయ్యా, మీరు పైన, నేను కింద, పరుపు మధ్యలో. ఎవరో ఒకరు రావాలి. కొడుకు వస్తే నయమా, ఫైరింజను వస్తే నయమా?"

"కొడుకే నయం" అన్నారాయన, నీరసంగా.

లిఫ్టాయన తాడూ కప్పీ ఉన్న సంచి భుజాన వేసుకుని వచ్చాడు. ఎక్కడ ఏది ఇరుక్కున్నా ఆయన వచ్చే పద్ధతి అదే. మెట్లెక్కుతూ "ఏమైంది, ఏమైంది" అంటూ వచ్చినవాడు మలుపు తిరగ్గానే ఆగిపోయాడు. కారుతున్న పరుపునీ, తడిసి కూర్చున్న పెళ్ళాన్నీ చూశాడు. పరుపు మీద ఇంకా పూర్తిగా పోని గుండ్రటి మరక అంచు కనిపిస్తోంది. దాన్ని చూశాక ఆయన మొహం మారిపోయింది. అలాంటి మరకని ఆ ఇంట్లో ఆయనంత బాగా ఎరిగినవాళ్ళు లేరు.

పెళ్ళాం వైపు తిరిగాడు. "సోమవారం ఇందుకేనా?"

ఆవిడ తలదించుకుంది.

లిఫ్టాయన సంచి కింద పెట్టాడు. పరుపుకి దగ్గరగా వెళ్ళి, తలుపు తట్టినట్టు దాన్ని తట్టాడు. చప్పుడేం రాలేదు, నీళ్ళొచ్చాయి.

"నాన్నా."

"ఊఁ."

"అమ్మ మూడు పరుపులూ ఎందుకు ఎండకి వేసేదో తెలుసా?"

"ఎండ బాగుంది అనేది."

"నా కోసం. నాకు మీసాలు వచ్చేదాకా నేను పక్క తడిపేవాణ్ణి. మీరు డ్యూటీ నుంచి వచ్చేసరికి నాది ఒక్కటే పైనుంటే కనిపెట్టేస్తారని అమ్మ మూడూ తీసుకెళ్ళేది. మీరు ఇంట్లో ఉన్న రోజైతే మీచేతే మోయించేది."

పరుపులమ్మ మొగుడి వంక కళ్ళప్పగించి చూసింది. ఇన్నేళ్ళలో తనకి కూడా చెప్పుకోని సంగతి. తనకి తెలుసని ఆయనకి తెలీదు. గొంతు వణకకుండా, సగం మింగేయకుండా, మొత్తం మాట చెప్తున్నాడు.

భార్య 'ఎండ బాగుంది, కాస్త సాయం పట్టండి' అంటే తను విసుక్కుంటూ భుజాన వేసుకుని ఎక్కిన మెట్లన్నీ పరుపు అవతల గార్డు గారికి గుర్తొస్తున్నాయేమో. చివరికి అడిగారు. "నాకెందుకు చెప్పలేదురా మీరు?"

"చెప్తే ఏం చేసేవారు?"

నీటిచుక్కలు మెట్ల మీద టపటపా పడుతున్నాయి.

"కొట్టేవాణ్ణి" అన్నారు గార్డు గారు.

ఆ మాట అనడం ఆయనకి ఎంత కష్టమైందో పరుపు ఇవతల ఉన్న ఇద్దరికీ తెలిసింది. లిఫ్టాయన తడి పరుపు మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచాడు.

"మరి ఇప్పుడు నువ్వు నన్నేం చేస్తావు?" అని వినిపించింది పైనుంచి. వేళాకోళానికి అన్నట్టే ఉంది గానీ అది వేళాకోళం కాదు.

"ముందు మీరు దాని మీద కూర్చోండి నాన్నా. నీళ్ళు కారిపోవాలి. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఇది అందరికీ వచ్చేదే, మందులున్నాయి. సోమవారం ఎక్కడికీ వెళ్ళడం లేదు మీరు."

"కూర్చోవాలా?"

"గట్టిగా కూర్చోండి."

గార్డు గారు గట్టిగానే కూర్చున్నారు. పరుపు మూలిగి, లోపలున్న నీళ్ళన్నీ ఒక్కసారిగా లిఫ్టాయన నెత్తిన గుమ్మరించింది. ఆయన జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే అలాగే నిలబడ్డాడు. పరుపులమ్మ ఇక ఆపుకోలేకపోయింది, గోడకి చేరగిలబడి కడుపు పట్టుకుని నవ్వింది. పైనుంచి "ఏమైంది, ఏమైంది" అని గార్డు గారు కంగారుపడుతుంటే ఆ నవ్వు ఇంకా ఎక్కువైంది.

తర్వాతదంతా లిఫ్టు పనే. కప్పీని పరుపు పైనున్న సందులోంచి పైకి అందించాడు. మేడ తలుపు పైనున్న ఇనుప కడ్డీకి గార్డు గారు దాన్ని తగిలించారు. తాడు దాని మీదుగా వేసి, ఒక కొస హోల్డాలు పట్టీలకి కట్టి, రెండో కొస కిందకి వదిలారు. కింద మొగుడూ పెళ్ళాం ఆ తాడు పట్టుకున్నారు.

"నిన్ను అనుమానించాను" అన్నాడు లిఫ్టాయన, తాడు చేతికి చుట్టుకుంటూ.

"తెలుసు" అంది ఆవిడ.

"కోపం వచ్చిందా?"

"బాగా వచ్చింది. ఇంకా ఉంది. ముందు లాగండి."

"నేను చెప్పినప్పుడు లాగాలి" అని పైనుంచి కేక వినిపించింది. గొంతులోకి పాత ఇస్త్రీ మళ్ళీ వచ్చేసింది. "తొందరపడొద్దు. ఆగండి. ఆ, రైట్."

లాగారు. పరుపు ఒక చివరనుంచి నెమ్మదిగా విడిపడి, గోడల సున్నం తనతోపాటు తీసుకుని, మెట్టు మెట్టూ ఎక్కి మేడ మీదకి చేరింది. రెండు కుర్చీలు తెచ్చి మధ్యలో నిలబెట్టారు. నిలబడలేక ఒక పక్కకి వాలింది. దూది పూర్తిగా ఆరాలంటే రోజులు పడుతుంది, బహుశా విప్పి మళ్ళీ కుట్టించాలి కూడా. పరుపులమ్మ అలవాటు కొద్దీ మిగతా రెండు పరుపులూ తేవడానికి కిందకి బయల్దేరబోయింది.

"వద్దమ్మాయ్" అన్నారు గార్డు గారు. "అవి అక్కడే ఉండనీ."

ఆవిడ ఆగిపోయింది. ఆ ఇంటి మేడ మీద ఒక్క పరుపు ఒంటరిగా నిలబడటం అదే మొదలు. చూడ్డానికి ఏదో వెలితిగా అనిపించింది. తండ్రీ కొడుకులు పిట్టగోడకి ఆనుకుని, తడి చొక్కాలతో, పరుపునే చూస్తూ నిలబడ్డారు. కానీ ఇంతకుముందులా దూరదూరంగా నిలబడలేదు.

అంతలో బడినుంచి వచ్చిన టీచరమ్మ పొద్దున ఆరేసిన బట్టలు తీసుకోవడానికి మేడెక్కింది. మెట్ల మీద నీళ్ళు చూసి మండిపడుతూనే వచ్చింది. వచ్చి చూస్తే పరుపు, దాని చుట్టూ తడిసి ముద్దైన ముగ్గురు మనుషులు.

"ఇదేంటి పరుపులమ్మా, ఒకటే ఉంది ఇవాళ? ఇంతలా ఎలా తడిసింది? ఎవరిది?"

పరుపులమ్మ నాది అనడానికి నోరు తెరిచింది. అదే క్షణంలో లిఫ్టాయన కూడా తెరిచాడు. ఇద్దరికన్నా ముందే గార్డు గారు గొంతు సవరించుకున్నారు.

"నాదమ్మా. నాకు ఈ మధ్య పక్క తడుస్తోంది. కడిగాను, ఎక్కువ కడిగాను."

ఈ ఒక్క మాట ఎవరి చెవినా పడకూడదని ఆయన ఇల్లు వదిలి పోవడానికి సిద్ధపడ్డారు. ఇలాంటి మాటనే దాచడానికి ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఇన్నేళ్ళు పరుపులు మోశారు. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిటారుగా నిలబడ్డారు.

టీచరమ్మ పరుపు వైపు చూసింది, సూర్యుడి వైపు చూసింది, తీగ మీద ఇంకా తడిగా ఉన్న తన దుప్పటి వైపు చూసింది.

"సరే గానీ, దాన్ని కాస్త అటు జరపండి గార్డు గారూ" అంది. "నా దుప్పటికి ఎండ తగలడం లేదు."

గార్డు గారు ఆవిడ వైపు అలాగే చూస్తుండిపోయారు, ఇంకేదో అంటుందని. ఆవిడ అప్పటికే ఆరిన బట్టల క్లిప్పులు తీస్తోంది. ఆయన ఒక కుర్చీ పట్టుకున్నారు, కొడుకు రెండోది పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పరుపుని నీడ పడని వైపుకి జరిపారు. పరుపులమ్మ పిట్టగోడ వైపు తిరిగి తడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆవిడకి చాలా సంతోషంగా ఉంది, చాలా ఆకలిగా కూడా ఉంది.